గాలి కోసం వేసిన తలుపు

మొదటిరోజు తలుపు వేసింది నేనే.
పదేళ్లయింది. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు.

ఆషాఢం. వంశధార మీంచి
ఇసకని కూడా వెంటేసుకొచ్చే గాలి.
కాశీనగర్ కౌన్సిల్ హాల్లో తొలి మీటింగు.
గోడలకి సున్నం వాసన ఇంకా పోలేదు,
పదమూడు అద్దె కుర్చీలు,
వీపుల మీద ఒడియాలో టెంట్ హౌస్ పేరు.
పాణిగ్రాహి బాబు ముందు కాయితాలు
కోడిపిల్లల్లా లేచి పరిగెడుతుంటే
చైర్మన్ దాలినాయుడు నా వేపు చూసి
గెడ్డం ఒక్కసారి పైకెత్తాడు.
అంతే. మాట కూడా కాదది.
నేను వెళ్లి తలుపు చేరేసి
అడ్డగెడ పెట్టాను.

పెట్టేముందు చూశాను.
వరండాలో బమ్మిడి ఎర్రమ్మ,
ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గడప దగ్గర,
కొంగు చివర ముడేసిన కుళాయి అర్జీ.
ఇంకొక్క అడుగేస్తే లోపలికొచ్చేసేది.
"గాలికమ్మా" అని ఒక్క మాట అనాల్సింది.
నోట్లో కిళ్లీ ఉంది.

ఇటువేపు గాలి గోల.
అటువేపు తలుపొక్కటే.

సాయంత్రానికి నేతవీధంతా చెప్పేసింది:
"మనల్ని సూసే ఏసేసినారు."

రెండో మీటింగుకి ఆకు కదల్లేదు.
అయినా బాబు "అసిరీ, తలుపు" అన్నాడు.
మూడోసారి ఎవరూ అనలేదు,
నా చెయ్యే వెళ్లింది.
నాలుగోసారి, తలుపేసే ఉంది కదా అని
ఎవరో గొంతు తగ్గించారు.
గొంతు తగ్గింది కదా అని
ఇంకెవరో కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.
కాలవ టెండరు, సంత వేలం,
మీటింగు కాకముందే రాసిపెట్టిన "ఏకగ్రీవంగా" —
టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాడికి
చెవులుండవనుకుంటారు.

ఐదో ఏట ఆ తలుపునే తిట్టి
ఓట్లడిగాడు ఎర్రమ్మ మనవడు.
గెలిచాడు. మేళంతో వచ్చి కూచున్నాడు.
మెడలో బంతిపూలు తీయకుండానే
"అసిరీ, తలుపు" అన్నాడు.
ఆ గొంతు నాకు తెలుసు.
మనిషే కొత్త.
ఎర్రమ్మ అప్పటికే పోయింది,
కుళాయి ఆమె చావు చూసి వచ్చింది,
గొట్టం ఒకటే, నీళ్లు లేకుండా.

ఇవాళ మూడో కమిటీ.
చైర్‌పర్సన్ సుజంతి రైతా,
అందరికంటే ముందొచ్చి
చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది,
ఎక్కడ విడవాలో తెలీక.
నేను గెడ అందుకుంటుంటే అడిగింది:
"ఎందుకు వేస్తున్నావు?"
ఆ సవర యాస తెలుగులో అది నిజంగానే ప్రశ్న,
కోపం కాదు.

"నియమం మేడమ్" అన్నాడు పాణిగ్రాహి బాబు.
"ఎన్నో నియమం?"
బాబు రిజిస్టరు తీశాడు. వెనక్కి తిప్పాడు, ఇంకా వెనక్కి.
చెదలు తిన్నచోట వేలు ఆపి
అక్కడుండేదేమో అన్నట్టు చూశాడు.

నాకు వీపంతా చెమట.
"గాలికమ్మా" అన్నాను.

పదేళ్లు పట్టింది
ఆ ఒక్క మాట నోట్లోంచి రావడానికి.
వినాల్సిన మనిషి లేదు.

ఆమె నవ్వలేదు, తిట్టలేదు.
"ఏట్లో రాళ్లకి కరువా?" అంది.
తువ్వాల్లో పదమూడు గుండ్రాళ్లు మోసుకొచ్చాను,
ఒక్కొక్కరి ముందు ఒక్కోటి పెట్టాను.
"బడి పిల్లలమా?" అని ఒకాయన గొణిగాడు.
వానకి ఉబ్బిన తలుపు
ఇద్దరం గుంజితే గానీ పూర్తిగా తెరుచుకోలేదు.

అయినా ఒక కాయితం ఎగిరింది.
ఏ రాయీ ఆపలేదు దాన్ని.
వరండాలో తట్ట దించుకున్న ఎండుచేపల మనిషి
కాలితో తొక్కిపట్టి, ఎత్తి,
కూడబలుక్కుని చదవడం మొదలెట్టింది:
సంత వేలం. రూపాయలు. ఇంత. ఇంతే.
లోపల పదమూడుగురూ నిశ్శబ్దం.

పై ఆషాఢానికి ఏమవుతుందో నాకు తెలీదు.
గాలి వస్తుంది. ఎవరిదో గెడ్డం పైకి లేస్తుంది.
గెడ మాత్రం సైకిలుకి కట్టుకుని
ఇంటికి తెచ్చేశాను.
సర్కారు సొమ్మే.
పాణిగ్రాహి బాబు రాసుకుంటే రాసుకోనీ.